మండని ద్రవం

"ఆపెయ్యరా చంటీ, ఇంక చూడలేను," అంది జగదాంబ. అంటూనే కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

తిరుమలేశ్ ఆపలేదు. టిఫిన్ బల్ల మీద చట్నీ గిన్నెకు ఆనించిన ఫోన్‌లో ఆ మనిషి మళ్ళీ మొదటి నుంచి తూలడం మొదలుపెట్టాడు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, మెడలో అయ్యప్ప మాల, చెప్పుల్లేని కాళ్ళు. అతని వెనక షేక్‌పేట ఫ్లైఓవర్ స్తంభానికి ముక్కు ఆనించి ఆగిపోయిన తమ తెల్ల వ్యాన్.

"స్వామి ఫుల్లున్నడు రో!" అని ఎవరిదో గొంతు. నవ్వులు.

తెర మీద డ్రైవర్ ఓంప్రకాష్ చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. నాలుక తిరగలేదు. అది తనకే వింతగా తోచినట్టు తనూ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా మోకాళ్ళు మడిచి రోడ్డు మీద కూర్చున్నాడు.

అక్కడితో అయిపోతుంది. తిరుమలేశ్ వేలు మళ్ళీ తెర మీదికి వెళ్ళింది.

"ఎన్నిసార్లు చూస్తారు?" అంది భువన.

"మన పేరు కనబడుతోందా అని చూస్తున్నా. వ్యాన్ పక్కన మన బోర్డు ఉంది కదా. సగమే పడింది. నయం."

"మాలలో తాగుతాడా!" జగదాంబ గొంతు పైకి లేచింది. "పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. ఇన్ని వేషాలేసి, నా చేత కూడా స్వామీ స్వామీ అనిపించుకున్నాడే! వాడికని విడిగా గ్లాసు పెట్టి పాలు కాచి ఇచ్చాను. ఆ గ్లాసు ఎక్కడుందో చూసి బయట పారేయమను."

నిన్న మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో అందరికీ అతను స్వామే. దీక్షలో ఉన్నవాడిని ఎంతటివాళ్ళయినా అలాగే పిలవాలి. 'స్వామీ, కారు తీయండి' అని మెట్ల మీది నుంచి పిలుస్తున్నప్పుడు, డ్రైవర్‌ని 'మీరు' అనడంలో అత్తగారికి ఒక ముచ్చట ఉందని భువనకు అనిపించేది. ఆ పిలుపు పోవడానికి ఒక్క సాయంత్రం చాలింది. ఇప్పుడు అతను 'వాడు'.

"తాగాడని డాక్టర్లు అనలేదు కదా అత్తయ్యా."

"కళ్ళకు కనబడుతుంటే డాక్టర్లెందుకమ్మా?"

"నోట్లోంచి వాసన వచ్చిందన్నారుగా అక్కడున్నవాళ్ళు," అన్నాడు తిరుమలేశ్, ఫోన్ మీది నుంచి కళ్ళు తీయకుండా. "అదేదో తియ్యటి వాసనట. కొత్తరకం మందేమో."

భువన చేతిలో ఇడ్లీ ముక్క ఆగింది.

తియ్యటి వాసన. నిన్న సాయంత్రం టోలిచౌకి ఆస్పత్రిలో, నర్సు అతని నల్ల చొక్కాను ప్లాస్టిక్ సంచీలో పెట్టి భార్య చేతికి ఇస్తున్నప్పుడు, ఆ సంచీ మూతి ఒక్క క్షణం భువన వైపు తిరిగింది. ఆమె చప్పున పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్ళు సారా కంపుకు అలా చేసిందనుకున్నారు. ఓంప్రకాష్ భార్య నవత కూడా అలాగే అనుకుని, తలవంచుకుని, సంచీ మూతిని గట్టిగా ముడేసింది.

ఆ ముడి వేసిన వేళ్ళు భువనకు రాత్రంతా కనిపిస్తూనే ఉన్నాయి. నిర్ధారించుకోకుండా నోరు జారకూడదని తనకు తాను చెప్పుకుంది. శాస్త్రం చదువుకున్నవాళ్ళ పిరికితనానికి అదొక మర్యాదైన పేరు.

"నేను వర్క్‌షాప్‌కి వెళ్ళొస్తాను," అంటూ లేచింది.

"తినకుండానా?" అంది జగదాంబ. "వాడెవడో తాగి పడితే నువ్వెందుకమ్మా కడుపు మాడ్చుకోవడం?"

*

సినిమాలకు దుస్తులు కుట్టి అద్దెకిచ్చే ఆ సంస్థను మామగారు ఫిల్మ్‌నగర్ లోపలి సందులో పెట్టారు. పై అంతస్తులో కుట్టుపని, కింద ఉతికే గది, నెత్తిన డాబా. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం మానేసి భువన ఇక్కడికి వచ్చినప్పుడు, ఖరీదైన బట్టల్ని పెట్రోల్‌తో తుడిచి శుభ్రం చేసేవాళ్ళు. ఒకసారి మంటలు లేచి దర్జీ ఒకాయన ముంజేయి కాలింది. ఆ పద్ధతి మానిపించి డ్రైక్లీనింగ్ మెషిన్ తెప్పించింది తనే. అది వాడే ద్రవం పేరు పెర్‌క్లోరోఇథిలీన్.

'ఇది మండదు. అగ్గిపుల్ల వేసినా మండదు,' అని ఆ రోజు అందరి ముందూ నిలబడి చెప్పింది. మామగారు చప్పట్లు కొట్టారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ చప్పట్లు మాత్రం ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు వినగలిగేది, నిన్నటి దాకా.

రేకుల షెడ్డు కింద నిన్నటి బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. ప్రమాదం జరిగాక వ్యాన్‌లోంచి తీసి తిరిగి తెచ్చి పడేశారు. రాజుల కాలపు సినిమా కోసం సైనికుల చొక్కాలు అవి. కవచంలా కనబడాలని లోపల మందంగా దూది కుక్కి, పైన ఇత్తడి రంగు బిళ్ళలు జిగురుతో అతికించారు. మెషిన్‌లో వేడిగాలి పెడితే ద్రవం మొత్తం ఆరిపోయేది. కానీ వేడికి జిగురు వదిలి బిళ్ళలు రాలతాయి. అందుకే వేడి వద్దని, చల్లగానే తీసి డాబా మీద ఆరేయమని చెప్పింది. ఇలాంటి బట్టల్లో ద్రవం వాసన ముక్కుకు ఏమాత్రం తెలిసినా అవి గుమ్మం దాటకూడదని ఆ సంస్థలో ఒక నియమం. అది కూడా తను పెట్టిందే.

కత్తెర తీసుకుని ఒక చొక్కా అస్తరు కత్తిరించింది. వేళ్ళు దూదిలోకి పోనిచ్చింది.

చల్లగా ఉంది. ఎండ ఇంత ఎక్కాక కూడా లోపల చల్లగా ఉంది. ద్రవం ఇంకా ఆవిరవుతూనే ఉంది.

రెండు కార్బన్లు, వాటి చుట్టూ నాలుగు క్లోరిన్లు. బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీసిందో. 'మీథేన్ మండుతుంది. దాని హైడ్రోజన్లు ఒక్కొక్కటీ తీసేసి క్లోరిన్ పెట్టుకుంటూ పోండి. మంట తగ్గుతూ వస్తుంది. మూడు పెట్టేసరికి ఏమవుతుంది?' క్లోరోఫాం అని వెనక బెంచీల్లోంచి అరిచేవాళ్ళు. సినిమాల్లో రుమాలుతో ముక్కు మూస్తారే, అదే. నవ్వులు. 'అవును. మంట పోయిన చోట మత్తు వచ్చి కూర్చుంటుంది. ఇవి నీళ్ళలో కలవవు, కొవ్వులో కలుస్తాయి. బట్ట మీది జిడ్డు కొవ్వే. మన మెదడులో ఉన్నదీ చాలావరకు కొవ్వే.'

కాలేజీలో పాఠం మొత్తం చెప్పేది. ఇక్కడ, చప్పట్లు కొట్టిన రోజున, మొదటి సగం మాత్రం చెప్పింది. రెండో సగం మెషిన్ తలుపు వెనక ఉంటుందిలే అనుకుంది.

"వాసన చూస్తున్నావా?"

తిరుమలేశ్ షెడ్డు కమ్మీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"అతను తాగలేదు," అంది భువన.

"తెలుసు."

ఆమె తల తిప్పి చూసింది.

"నిన్న వ్యాన్ వెనక తలుపు తీసినప్పుడు నాకే తల తిరిగింది," అన్నాడు. "తల లోపల పెట్టలేకపోయాను."

"మరి పొద్దున అత్తయ్య అన్ని మాటలంటుంటే..."

"అమ్మ తాగాడనుకోవడమే మంచిది."

"ఎవరికి?"

పై అంతస్తులో కుట్టుమెషిన్లు ఒక్కసారి ఆగి మళ్ళీ కదిలాయి. ఆ మధ్య నిశ్శబ్దంలో ఇద్దరూ ఒకరి చేతుల్ని ఒకరు చూసుకున్నారు, ముఖాలు చూసుకోలేక.

"రక్తం రిపోర్ట్ వస్తుంది," అన్నాడు చివరికి. "అందులో మందు లేదని ఉంటుంది. విషయం దానంతటదే తేలిపోతుంది. మనం వెళ్ళి చెప్పడం ఎందుకు? చెబితే ఇక్కడికి వస్తారు. మెషిన్‌కి తాళం వేస్తారు. మనల్ని నమ్మి ఎంతమంది పైన కుడుతున్నారో తెలుసుగా."

"మందు లేదంటే గంజాయి అంటారు. మాత్రలంటారు."

"అనేవాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు."

"అంటున్నది మనమే కదండీ."

తిరుమలేశ్ దగ్గరికి వచ్చి ఆమె చేతిలోంచి కత్తెర తీసుకుని బల్ల మీద పెట్టాడు. చాలా సౌమ్యంగా పెట్టాడు.

"భువనా, నేను నీ కోసమే చెబుతున్నా. నిన్న డాబా మీద వీటిని చూసి ఇంకా ఆరాలి అన్నాను. గుర్తుందా? ప్రొడక్షన్ వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేశారు. ఫైటర్లంతా మేకప్‌తో కూర్చున్నారన్నారు. ఆ ఫోన్లు నీకే వచ్చాయి. పంపించెయ్యండి, దారిలో ఆరిపోతాయి అన్నది నువ్వు."

అతని గొంతులో నింద లేదు. ఆమెను కాపాడాలన్న తపనే ఉంది. భువనకు ఊపిరాడకుండా చేసింది అదే. తిట్టి ఉంటే ఎదురు చెప్పేది.

పైగా అతనికి తెలిసింది సగమే. మిగతా సగం గేటు దగ్గర జరిగింది. అక్కడ ఉన్నది తనూ, ఓంప్రకాషూ.

వ్యాన్ వెనక అంతా దూది చొక్కాలు కుక్కి, డ్రైవింగ్ సీటులో కూర్చుని అతను అద్దం దించుకున్నాడు. దించుకుని, ముక్కు రుద్దుకుని, 'ఘాటు జర ఎక్కువనే ఉన్నది మేడం' అని నవ్వాడు. ఒంటిపూట భోజనంతో పీక్కుపోయిన ముఖం. అప్పుడు ఆమె మనసంతా రోడ్డు తవ్వకాల మీద ఉంది. తడి ఉన్న బట్ట మీద దుమ్ము పడితే మళ్ళీ మొదటి నుంచి ఉతకాలి. 'స్వామీ, అద్దాలు మాత్రం దించకండి. దుమ్ము పడుతుంది. ఏసీ వేసుకోండి,' అంది.

'దించను మేడం,' అన్నాడు. అద్దం పైకి లేస్తుండగా, దాని వెనక అతని ముఖం కొద్దికొద్దిగా మూసుకుపోయింది.

స్వామీ అంది. దించకండి అంది. ఎంతో మర్యాదగా చెప్పింది.

గాలికంటే ఎన్నో రెట్లు బరువైన ఆవిరి. మూసిన వ్యాన్‌లో అడుగు నుంచి నిండుకుంటూ వస్తుంది. కాసేపటికి ముక్కుకు తెలియడం కూడా మానేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగిన చోటల్లా ఏసీ అదే గాలిని తిప్పి తిప్పి అతనికే ఇచ్చి ఉంటుంది.

ఉన్నట్టుండి భువనకు ఇంకొకటి గుర్తొచ్చింది. రాత్రంతా ఎందుకు గుర్తు రాలేదో, లేక గుర్తొస్తే కదలాల్సి వస్తుందని మనసే తొక్కిపెట్టిందో. ఈ జాతి ద్రవాలు గుండెను బెదరగొడతాయి. ఆ స్థితిలో రక్తపోటు పెంచడానికి ఎడ్రినలిన్ సూది ఇస్తే గుండె లయ తప్పవచ్చు. డాక్టర్లకు అది తెలుసు. కానీ అతను పీల్చింది ఏమిటో వాళ్ళకు తెలియదు.

చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి."

"ఒక్కమాట విను. లాయర్‌తో మాట్లాడాక ఇద్దరం కలిసి వెళదాం."

"అతని గుండె లాయర్ కోసం ఆగుతుందా?"

అన్నాక, అది పక్క సందులో సినిమా రచయిత ఎవరో రాసిన డైలాగులా వినబడి ఆమెకే సిగ్గేసింది. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. తిరుమలేశ్ వెనక రాలేదు. కారు కదిలాక ఆమె అన్ని అద్దాలూ కిందికి దించింది. షేక్‌పేట దాటేదాకా దుమ్ము ముఖాన కొడుతూనే ఉంది.

*

ఐసీయూ ముందు బెంచీ మీద నవత ఒంటరిగా లేదు. ఎదురుగా, నల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. బస్తీలో దీక్ష తీసుకున్న అందరికీ మాల వేసిన గురుస్వామి, వీరయ్య. నిన్న స్కానింగ్ గదిలోకి తీసుకెళ్తూ ఓంప్రకాష్ మెడలోంచి తీసిన మాల ఇప్పుడు నవత ఒళ్ళో ఉంది, తువ్వాలులో చుట్టి.

"కోపంతోటి అడుగుతలేను బిడ్డా," అంటున్నాడు వీరయ్య. "నిందవడ్డ మాల. రిపోర్ట్ వచ్చేదాక నా దగ్గర ఉండనియ్యి. గుళ్ళె పెడ్త."

"ఇయ్య."

"బస్తీల అందరి ఫోన్లల్ల గదే తిరుగుతున్నది. ఆయనొస్తె పూజకు రామంటున్నరు స్వాములు. నన్నేం జెయ్యమంటవ్ చెప్పు?"

"మీరే గదా ఏసింది? ఆయన లేసినంక ఆయన్నే అడుగున్రి. తాగిన అంటె గప్పుడు తీసుకపోన్రి. పండుకున్న మనిషి మెడల నుంచి తీసుకపోతరా?"

వీరయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కళ్ళూ నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. తనకూ ఇష్టం లేని పని మీద వచ్చిన మనిషిలా ఉన్నాడు.

నవత భువనను చూసి లేచింది.

"చూడున్రి మేడం ఎట్లంటున్నరో. పొద్దు మూకేదాక మీ ఇంట్లనే ఉంటడాయె, మీకు తెల్వదా ఆయన సంగతి? మాలేసుకున్నంక నేను తాకిన చెంబుల నీళ్ళు గూడ తాగలే. గసొంటి మనిషి సారా తాగుతడా? మీరు సదువుకున్నోళ్ళు. డాక్టరమ్మతోటి మీరన్న జర మాట్లాడున్రి. మేమడిగితె చూస్తం, చూస్తం అంటున్నరు."

"మాట్లాడతాను," అంది భువన. "అందుకే వచ్చాను."

డాక్టర్ హరిణి చిన్న వయసు మనిషి. గదిలో నిలబడే టీ తాగుతోంది. భువన కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ద్రవం పేరు, దూది చొక్కాలు, చల్లగా తీయడం, ఆరకముందే పంపడం. ఒకసారి మొదలుపెట్టాక మాటలు తేలిగ్గానే వచ్చాయి. క్లాసులో నిలబడి చెబుతున్నట్టే వచ్చాయి. అలా రావడం ఆమెకు అసహ్యంగా అనిపించింది.

హరిణి టీ కప్పు కింద పెట్టేసింది.

"పెర్‌క్లోరోఇథిలీనా? ష్యూరా మేడం?"

"ష్యూర్. అతని చొక్కా వాసన చూడండి. ఊపిరి చూడండి. అది ఊపిరిలోనే బయటికి వస్తుంది, రోజుల తరబడి."

"అదా ఆ స్వీట్ స్మెల్!" హరిణి తలుపు తీసి నర్సును పిలిచింది. ఎడ్రినలిన్ విషయంలో జాగ్రత్తని, అడగకుండా ఎవరూ ఇవ్వొద్దని, లివర్ పరీక్షలు మళ్ళీ చేయాలని గబగబా చెప్పింది. తలుపు మూసి వెనక్కి తిరిగింది. "పొద్దున బీపీ పడిపోతే ఆల్మోస్ట్ ఇవ్వబోయాం. గుండె అప్పటికే దడదడలాడుతోంది. లక్కీగా ఫ్లూయిడ్స్‌తో లేచింది."

నర్సు వెళ్ళిన వైపు చూసింది భువన.

"నిన్న సాయంత్రం మీరు ఇక్కడే ఉన్నారు కదా మేడం?" అంది హరిణి.

"ఉన్నాను."

"అప్పుడు తెలియదా మీకు?"

గోడ మీద ఎవరో అతికించిన, పిల్లలు గీసిన బొమ్మ ఒకటి ఉంది. ఎర్ర సూర్యుడు. భువన దాన్ని చూస్తూ ఉండిపోయింది. హరిణి ఆ ప్రశ్నను మళ్ళీ అడగలేదు. కాగితం ముందుకు లాక్కుంది.

"సరే. ఎంతసేపు ఉన్నాడు ఆ వ్యాన్‌లో?"

"ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట దాకా. ట్రాఫిక్ చాలా ఉందన్నారు."

"కిటికీలు?"

ఇది చిన్న ప్రశ్న. జవాబు ఇంకా చిన్నది.

"మూసే ఉన్నాయట," అంది భువన. "ఏసీ వేసుకున్నాడేమో. వీళ్ళకు చెప్పినా వినరు."

చివరి మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు. ఎవరూ దాన్ని అడగలేదు. దానంతటదే వచ్చి, నాలుక మీది నుంచి జారి, డాక్టర్ కాగితం మీదికి వెళ్ళిపోయింది. హరిణి రాసుకుంది. వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం వ్యవధి ఉంది. ఆ క్షణాన్ని భువన స్పష్టంగా చూసింది, పోనిచ్చింది.

*

కారిడార్‌లోకి వచ్చి హరిణి అందరికీ వినబడేలా చెప్పింది. "నవతగారూ, మీ ఆయన తాగలేదు. బట్టలు ఉతికే కెమికల్ వాసన పీల్చాడు. మత్తు దానిదే. మేడం వచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది."

నవత వీరయ్య వైపు తిరిగింది.

"ఇన్నరా? ఇగ పిలువున్రి ఆ వీడియో తీసినోణ్ణి. వాని నోరు నేను వాసన జూస్త!"

బెంచీ చివర కూర్చున్న ముసలాయన ఎవరో నవ్వాడు. నవతా నవ్వబోయి ఏడ్చేసింది. వీరయ్య కళ్ళు మూసుకుని "స్వామియే శరణమయ్యప్ప" అన్నాడు. "తప్పయింది బిడ్డా. మాల నీ దగ్గర్నే ఉండనియ్యి. ఈ చేతులతోటి మల్ల నేనే ఏస్త. బస్తీల మైకు వెట్టి చెప్త, ఫికర్ జెయ్యకు." భువన వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీరు దేవతలెక్క వచ్చిన్రమ్మా."

"వద్దు, అలా అనకండి," అంది భువన.

అది వినయమని అనుకున్నారు వాళ్ళు. నవత ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. సబ్బుకు గరుకెక్కిన అరచేతులు. వాటి వేడి భువన మోచేతి దాకా పాకింది. ఇలా ఎవరైనా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో! ఆ వేడి హాయిగా ఉంది. అదే ఆమెను భయపెట్టింది. తను చెప్పిన నిజానికి ఇది బహుమానం. చెప్పని దాని సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడితో ఆగిపోతే ఈ చెయ్యి ఇలాగే ఉంటుంది. ఓంప్రకాష్‌కు జీవితాంతం వైద్యం చేయిస్తుంది, వాళ్ళను చూసుకుంటుంది. లోకం దృష్టిలో, నవత దృష్టిలో అది దయ అవుతుంది. ఆ దయ కింద తను హాయిగా బతకవచ్చు కూడా. అలా బతుకుతున్నవాళ్ళు జూబ్లీ హిల్స్‌లో ఎంతమంది లేరు?

పర్సులో ఫోన్ మోగింది. తిరుమలేశ్. 'చెప్పేశావా?' అని ఒక్క ముక్క మెసేజ్. జవాబు ఇవ్వకుండా లోపల పడేసింది.

ఐసీయూ తలుపు కొంచెం తెరిచి నర్సు తల బయట పెట్టింది. "ఓంప్రకాష్ వాళ్ళెవరు? కళ్ళు తెరిచాడు. ఇద్దరు రండి, ఎక్కువ మాట్లాడించొద్దు."

"దా మేడం!" నవత ఆమె చెయ్యి వదల్లేదు.

"నువ్వెళ్ళు. నేను తర్వాత..."

"గట్లెట్లయితది? మీరు లేకుంటె ఇయ్యాల ఏమయ్యెడిదో. మిమ్మల్ని చూస్తె సంబరపడ్తడు. ఇంట్ల ఎప్పటికి మీ ముచ్చటనే, మా మేడం గిట్ల చెప్పింది, గట్ల చెప్పింది అని. దా."

లోపల చల్లగా ఉంది. అతని తల దిండు మీద చిన్నదిగా కనబడింది. దీక్ష గడ్డం, పగిలిన పెదవులు, ఛాతీ మీద తీగలు. పక్కన తెర మీద పచ్చటి గీత ఒకచోట తడబడి మళ్ళీ దారిలో పడుతోంది. మంచం చివర హరిణి నిలబడి, ఇందాక రాసుకున్న కాగితం చూస్తోంది.

"స్వామీ," అని పిలిచింది నవత. దీక్షలో ఉన్నవాడిని భార్య కూడా అలాగే పిలవాలి. "స్వామీ, నేను. ఏం గాలే. అందరికి తెల్సింది నువ్వు తాగలేదని."

అతని కళ్ళు నవత ముఖం మీద ఆగాయి. తర్వాత మెల్లగా ఆమెను దాటి, ఆమె పట్టుకున్న చేతి మీదికి, ఆ చెయ్యి ఎవరిదో చూస్తూ పైకి వచ్చాయి. గుర్తుపట్టాడు. మంచం మీంచే రెండు చేతులు కలపబోయాడు. సూది గుచ్చిన చెయ్యి లేవలేదు.

"మేడం... బట్టలు..."

"బట్టలు బాగానే ఉన్నాయి ఓంప్రకాష్. మాట్లాడకండి. పడుకోండి."

అతను ఆగలేదు. నాలుక ఇంకా బరువుగానే ఉంది. ఒక్కొక్క మాటనూ లాగి బయట పెడుతున్నాడు. ముఖంలో బాధ లేదు. అప్పజెప్పిన పని చేసి వచ్చి, చేశానని చెప్పుకునే తృప్తి ఉంది.

"అద్దాలు దించలే మేడం. మీరు జెప్పినట్లె. తల తిరిగినా గూడ దించలే. దుమ్ము... వడనియ్యలే."

మంచం చివర కాగితం చప్పుడు ఆగిపోయింది. హరిణి తలెత్తింది.

నవత ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే కళ్ళు మారాయి. చెయ్యి వదిలేస్తుందని భువన ఎదురుచూసింది. వదిలేస్తే బాగుండుననుకుంది.

నవత వదల్లేదు. గట్టిగా పట్టుకుంది.

"ఏం జెప్పిన్రు మేడం, మా స్వామికి?"